సెంటు వాసన పడకపోవడం: జబ్బా, కాదా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాధ గురించి. సెంటు, పెయింటు, ఫినాయిల్, అగరబత్తి, కొత్త ప్లైవుడ్... వీటిలో దేని వాసన తగిలినా తల దిమ్మెక్కుతుంది, గొంతు పట్టేస్తుంది, గుండె దడదడలాడుతుంది, రోజంతా నీరసం. దీన్ని మల్టిపుల్ కెమికల్ సెన్సిటివిటీ అంటారు, పొట్టిగా ఎంసీఎస్. ఇది అసలు జబ్బేనా అన్న తగాదా అమెరికా, కెనడాల్లో కొన్ని దశాబ్దాలుగా నడుస్తోంది, ఇంకా తెగలేదు. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగినచోట కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న (మిసిసాగా, కెనడా): మా ఆవిడ ఆఫీసులో రెండేళ్ల కిందట కార్పెట్లు మార్చి గోడలకు రంగులు వేశారు. అప్పట్నుంచి పక్క సీటావిడ సెంటు, లిఫ్టులో డ్రయర్ షీట్ల (బట్టలు ఆరబెట్టే యంత్రంలో వేసే సువాసన కాగితాల) వాసన, చివరికి కొత్త పుస్తకం వాసన కూడా పడటం లేదు. రక్తపరీక్షలు, స్కాన్లు అన్నీ నార్మల్. ఫ్యామిలీ డాక్టరు అలాంటి జబ్బే లేదన్నారు. ఇంకో క్లినిక్‌లో ఎంసీఎస్ అని రాసిచ్చారు. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ ‘అంతా మనసులోదే’ అంటోంది. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: మీ ఆవిడ పడుతున్న బాధ నిజం. ఈ విషయంలో ఎంత వ్యతిరేకంగా రాసిన సంస్థలూ బాధితులు నటిస్తున్నారని అనలేదు. తగాదా కారణం దగ్గర. అంత తక్కువ మోతాదు రసాయనం శరీరాన్ని నేరుగా దెబ్బతీస్తోందా, లేక మెదడు ఆ వాసనను ప్రమాద సంకేతంగా తీసుకుని ఒళ్లంతా హెచ్చరిక మోగిస్తోందా? ఈ రెండు ప్రశ్నలనూ ‘జబ్బు ఉందా లేదా’ అనే ఒక్క ప్రశ్నగా కలిపేయడం వల్లే మీ ఇంట్లో గొడవ వచ్చింది. వైద్య ప్రపంచంలోనూ అదే జరిగింది.

ఈ కథ షికాగోలో మొదలైంది. థెరాన్ రాండాల్ఫ్ అనే ఎలర్జీ వైద్యుడు 1950ల్లో, పెట్రోలు పొగ, గ్యాస్ స్టవ్వు, పురుగుమందుల లాంటివి కొందరికి రకరకాల లక్షణాలు తెస్తున్నాయని రాశారు. ఆయన వెనక నడిచినవాళ్లు తమ పద్ధతికి ‘క్లినికల్ ఎకాలజీ’ అని పేరు పెట్టుకున్నారు. అయితే వాళ్లు వాడిన పరీక్షలు, చికిత్సలు చాలావాటికి రుజువు లేదు. అమెరికాలోని ఇంటర్నల్ మెడిసిన్, ఎలర్జీ వైద్య సంఘాలు 1980ల్లో, 90ల్లో వాటిని తప్పుబట్టాయి. చికిత్స మీది కోపం రోగుల మీదికి మళ్లింది, అన్యాయం అక్కడే జరిగింది.

1987లో యేల్ యూనివర్సిటీకి చెందిన మార్క్ కల్లెన్ ఎంసీఎస్ అనే పేరుతో నిర్వచనం రాశారు. 1999లో కొందరు వైద్యులు, పరిశోధకులు కలిసి ఆరు గుర్తులు పెట్టారు. రసాయనం తగిలిన ప్రతిసారీ లక్షణాలు తిరిగి రావాలి. బాధ దీర్ఘకాలంగా ఉండాలి. ఇతరులకు ఏమీ కాని మోతాదుకే రావాలి. ఆ వస్తువు తీసేస్తే తగ్గాలి. ఒకదానికొకటి సంబంధం లేని పలు రసాయనాలకు రావాలి. ఒకటి కంటే ఎక్కువ అవయవ వ్యవస్థల్లో లక్షణాలు కనపడాలి. చిక్కంతా ఏమిటంటే, ఈ ఆరూ రోగి చెప్పే మాటలే. ఫలానా రక్తపరీక్షలో ఫలానా అంకె దాటితే ఎంసీఎస్ అని చెప్పే గుర్తు ఇప్పటికీ లేదు. మీ ఫ్యామిలీ డాక్టరు ‘లేదు’ అన్నది దీన్ని బట్టే. 1996లో బెర్లిన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రసాయన భద్రత విభాగం జరిపిన సమావేశం, ‘కెమికల్’ అన్న మాట పేరులో ఉంటే కారణం ఇప్పటికే తేలిపోయినట్టు ఉంటుందని, ‘ఇడియోపతిక్ ఎన్విరాన్‌మెంటల్ ఇన్‌టాలరెన్స్’ అనే పేరు సూచించింది. కారణం తెలియని, పరిసరాలు పడకపోవడం అని దాని భావం. రోగుల సంఘాలు దానికి ఒప్పుకోలేదు. అందుకే నేటికీ రెండు పేర్లూ నడుస్తున్నాయి.

మీ దేశంలోనే ఈ వాదన ఎంత పదునుగా ఉందో చూడండి. క్యూబెక్ ప్రజారోగ్య సంస్థ 2021లో 4,000కు పైగా వ్యాసాలు పరిశీలించి, 800కు పైగా పేజీల నివేదిక ఇచ్చింది. మామూలు మోతాదుల్లో రసాయనాల విషప్రభావం దీనికి కారణం కాదని, దీర్ఘకాలిక ఆందోళనతో ముడిపడినట్టు కనపడుతోందని రాసింది. అందులోనే ఈ బాధ వాస్తవమని, రోగులకు సరైన ఆదరణ కావాలని కూడా ఉంది. కెనడాలోనే పర్యావరణ వైద్యులు కొందరు 2023లో ఆ తీర్పును ఖండిస్తూ పెద్ద వ్యాసం ప్రచురించారు. ఇంకోపక్క కెనడా మానవ హక్కుల కమిషన్ 2007 నుంచే, పరిసరాల సున్నితత్వం ఉన్నవాళ్లకు చట్టరక్షణ ఉందని చెబుతోంది. అంటే వైద్యంలో కారణం తేలకపోయినా ఆఫీసులో మీ ఆవిడ హక్కు ఆగదు.

మీ అమ్మగారికి ఒక మాట చెప్పండి. ఆందోళన దీనిలో భాగమని తేలినా, ‘ధైర్యంగా ఉండు’ అంటే పోయేది కాదు. గుండె దడ నిజంగా కొట్టుకుంటుంది, ఊపిరి నిజంగా ఆడదు. మైగ్రేన్ కూడా మామూలు స్కాన్‌లో కనపడదు, దాన్ని ఎవరూ కల్పన అనరు.

ప్రశ్న (విజయవాడ, బెంగళూరు): ఏది వదిలారో తెలియనివ్వకుండా చేసే పరీక్షల్లో ఎంసీఎస్ రోగులు రసాయనాన్ని, మంచి గాలిని వేరుచేసి చెప్పలేకపోయారని చదివాం. మరి వాదన ముగిసినట్టే కదా?

జవాబు: చాలావరకు నిజం, కానీ ముగియలేదు. ఈ పరీక్షలు ఎలా చేస్తారో తెలిస్తేనే వాటి బలం, లోటు రెండూ అర్థమవుతాయి.

ఒక మూసిన గదిలో మనిషిని కూర్చోబెట్టి, ఒకసారి కొద్ది మోతాదు ద్రావకం, ఒకసారి ఉత్త గాలి వదులుతారు. ఏది ఎప్పుడు వదిలారో రోగికీ తెలియదు, లక్షణాలు రాసుకునేవాళ్లకూ తెలియదు. లండన్ పరిశోధకులు 2006లో ఇలాంటి 37 అధ్యయనాలను ఒకచోట చేర్చారు. 784 మంది ఎంసీఎస్ వారు, పోలిక కోసం తీసుకున్న 547 మంది, కొందరికే ఈ సున్నితత్వం ఉన్న మరో 180 మంది వీటిలో ఉన్నారు. వాసన పసిగట్టగలిగినప్పుడు లక్షణాలు వచ్చాయి. ఏది ఏదో తేడా తెలియకుండా జాగ్రత్తపడిన అధ్యయనాల్లో మాత్రం రసాయనానికీ ఉత్త గాలికీ లక్షణాల్లో నిలకడైన తేడా కనపడలేదు. కాబట్టి రసాయనం స్వభావం కంటే, దాని మీద ఏర్పడిన అంచనా పెద్ద పాత్ర పోషిస్తోందని వాళ్లు తేల్చారు.

బెల్జియంలోని ల్యూవెన్‌లో జరిగిన ప్రయోగాలు దీనికి బలమిచ్చాయి. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కలిపిన గాలి పీలిస్తే ఎవరికైనా ఆయాసం, దడ వస్తాయి. దానితోపాటు ఒక వాసన జతచేసి కొన్నిసార్లు పీల్పించారు. తర్వాత మామూలు గాలిలో ఆ వాసన ఒక్కటే పెట్టినా అవే లక్షణాలు వచ్చాయి. అమ్మోనియా లాంటి చెడ్డ వాసనకు ఇది తేలికగా అంటుకుంది. ముందుగా కాలుష్యం గురించి హెచ్చరించినవాళ్లలో మంచి వాసనకు కూడా అంటుకుంది. అంటే శరీరం మన ఇష్టం లేకుండా, మనకు తెలియకుండా నేర్చుకుంటుంది. దీన్ని భ్రమ అనడం తప్పు.

ఇక లోటు. టెక్సస్‌కు చెందిన వైద్య పరిశోధకురాలు క్లాడియా మిల్లర్ వాదన ఇది: రోజూ నలభై రకాల రసాయనాల మధ్య బతికే మనిషిని నేరుగా తెచ్చి గదిలో కూర్చోబెడితే ఒకదాని ప్రభావం ఇంకొకదానిలో కలిసి కనపడకుండా పోతుంది. ముందు కొన్ని రోజులు అన్నిటికీ దూరంగా ఉంచి, ఆ తర్వాతే పరీక్షించాలి. చాలా అధ్యయనాల్లో అలా చేయలేదు. కొన్నిటిలో రసాయనం వాసన తెలియకుండా పిప్పరమెంటు లాంటిది కలిపారు, అదే పడనివాళ్లు ఉంటే ఫలితం తారుమారు. గంటల తర్వాత వచ్చే లక్షణాలను చాలావాటిలో లెక్కలోకే తీసుకోలేదు. ఇవి చెల్లే అభ్యంతరాలే. అయితే ఆ షరతులన్నీ పాటించిన పెద్ద పరీక్ష జరిగి, రసాయనమే కారణమని తేలేదాకా ఆ పక్షం రుజువైనట్టు కాదు.

స్వీడన్ నుంచి మరో ముక్క ఉంది. సెంటు పడని కొందరికి ముక్కుకు క్లిప్పు పెట్టి, వాసన తెలియకుండా సెంటు తగిలేలా చేసినా దగ్గు, గొంతు పట్టేయడం వచ్చాయి. ఇలాంటివాళ్లు మిరపలోని కాప్సైసిన్‌ను అతి కొద్దిగా పీల్చినా మామూలువాళ్ల కంటే ఎక్కువగా దగ్గుతారు. వాసన నరానికి సంబంధం లేకుండా, మంట, ఘాటు తెలిపే నరాలు అతిగా స్పందించడం ఇది. ఎంసీఎస్ అని పిలిచే గుంపులో ఇలాంటివాళ్లు కొందరు, మెదడు నేర్చుకున్న స్పందన ఉన్నవాళ్లు కొందరు, ఇంకా పట్టుబడని వేరే జబ్బు ఉన్నవాళ్లు కొందరు కలిసి ఉన్నారని మా అభిప్రాయం. అందరికీ ఒకే కారణం వెతకడం వల్లే వాదన తెగడం లేదు.

ప్రశ్న (కూకట్‌పల్లి, హైదరాబాద్): పక్కింటి అగరబత్తి, దోమల కాయిల్, మా ఇంట్లో కలరా ఉండలు... ఏది తగిలినా దగ్గు, తలనొప్పి. ఎంసీఎస్ అనుకునే ముందు ఏయే పరీక్షలు చేయించుకోవాలి?

జవాబు: సరైన క్రమంలో అడిగారు. ఇండియాలో ఈ పేరు వినగానే చాలామంది దాని దగ్గరే ఆగిపోతారు, వైద్యం ఉన్న జబ్బు వెనకపడిపోతుంది. ఇంకో సంగతి: కాయిల్ పొగ, అగరబత్తి పొగ అందరికీ హానిచేసేవే. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని మలేసియా, చైనా కాయిల్స్ మీద 2003లో వచ్చిన అధ్యయనం తేల్చింది. దానికి దగ్గు రావడం ‘సున్నితత్వం’ కాదు. కాయిల్ మానేసి దోమతెర కట్టుకోండి.

ఇక పరీక్షలు. దగ్గు, పిల్లికూతలు, ఆయాసం ఉంటే ముందు స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరిని కొలిచే పరీక్ష. మొదటిసారి ఊదించి, శ్వాసనాళాలను తెరిచే సాల్బ్యుటమాల్ నాలుగు పఫ్‌లు ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు రెండూ పెరిగితే ఆస్తమా వైపు సూచన. బాగున్న రోజున చేయిస్తే నార్మల్ వస్తుంది, ఇక్కడే చాలామంది మోసపోతారు. అందుకే ఎంత వేగంగా ఊదగలరో చూపే పీక్ ఫ్లో మీటర్ ఒకటి కొనుక్కోండి. రోజుకు నాలుగుసార్లు, ప్రతిసారీ మూడుసార్లు ఊది అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకె రాసుకోండి. కనీసం రెండు నుంచి నాలుగు వారాలు, అందులో ఆఫీసుకు వెళ్లిన రోజులు, సెలవు రోజులు రెండూ ఉండాలి. పని రోజుల్లో అంకె పడిపోయి సెలవుల్లో లేస్తుంటే అది వృత్తిపరమైన ఆస్తమా కావచ్చు. పెయింటు పిచికారీ చేసేవాళ్లకు, ఫోమ్ పరిశ్రమల్లో పనిచేసేవాళ్లకు ఐసోసైనేట్లు అనే రసాయనాల వల్ల ఇది వస్తుంది. ఆలస్యం చేసేకొద్దీ ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతింటాయి. స్పైరోమెట్రీ మామూలుగా ఉండి అనుమానం మిగిలితే, శ్వాసనాళాలు ఎంత తేలికగా బిగుసుకుంటాయో చూసే మెథకోలిన్ పరీక్ష అడగండి.

గొంతు దగ్గరే బిగిసి, గాలి లోపలికి తీసుకునేటప్పుడు కీచుమంటే స్వరతంతువులు సమయం కాని సమయంలో మూసుకోవడం కావచ్చు. దాన్ని ఇఎన్‌టీ డాక్టరు సన్నని గొట్టంతో, లక్షణం వచ్చినప్పుడు చూసి చెప్పాలి. ఇన్‌హేలర్లతో తగ్గదు, స్పీచ్ థెరపిస్టు నేర్పే శ్వాస పద్ధతితో తగ్గుతుంది. చర్మం మీద దద్దుర్లు, దురద ఉంటే ప్యాచ్ టెస్ట్: వీపు మీద అంటించిన పట్టీలు 48 గంటలకు తీసి చూస్తారు, 96 గంటలకు మళ్లీ చూడాలి. రెండోసారి రమ్మంటే దూరమని మానేస్తారు, ఆలస్యంగా పుట్టే దద్దురు అలా తప్పిపోతుంది. ఆ నాలుగు రోజులు వీపు తడవకూడదు, స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే డాక్టరుకు చెప్పాలి.

ఒకపక్క తలనొప్పి, వాంతి, వెలుతురు పడకపోవడం కలిసి ఉంటే మైగ్రేన్. వాసన పడకపోవడం దాని లక్షణాల్లో ఒకటి. నిలబడగానే తల తిరుగుతుంటే, పడుకున్నప్పటి నాడి, లేచి పది నిమిషాలు నిలబడ్డాక నాడి కొలవండి. నిమిషానికి 30 దాటి పెరిగితే పాట్స్ అనే, నిలబడితే గుండె వేగం అదుపు తప్పే సమస్య కావచ్చు. ఒళ్లు ఎర్రబడి, దద్దుర్లతో, కడుపు నొప్పితో కూడిన దాడులైతే మాస్ట్ కణాల (ఎలర్జీ రసాయనాలను వదిలే కణాల) జబ్బు చూడాలి. దాడి వచ్చిన నాలుగు గంటల్లోపు, ఆ కణాలు వదిలే ట్రిప్టేజ్‌ను కొలిచే రక్తపరీక్ష, బాగున్న రోజు మరొకటి చేసి పోల్చాలి. దాడి తగ్గాక తాపీగా వెళ్తే ఆ పరీక్ష వృథా. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 కూడా అదే దఫా చూపించుకోండి.

స్నానం చేస్తున్నప్పుడే తలనొప్పి, తల తిరుగుడు వస్తుంటే ఒకటి గట్టిగా చెప్పాలి. బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉందా? మూసిన గదిలో దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. గీజర్ బయట పెట్టించండి, కిటికీ తెరిచి ఉంచండి. వంటగ్యాస్ వాసన మనకు తెలియడానికి కలిపేది మెర్‌కాప్టన్. దాన్ని ముక్కు అతి కొద్ది మోతాదులోనే పసిగడుతుంది. ఘాటుగా ఉన్నదల్లా విషం కాదు, వాసన లేనిదల్లా క్షేమం కాదు.

కలరా ఉండలు ఈరోజే తీసేయండి. నాఫ్తలీన్ ఆవిరి బట్టల్లో పట్టి ఉంటుంది, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పసిపిల్లలకు రక్తకణాలు పగిలేలా చేస్తుంది. బాత్రూం కడిగేటప్పుడు యాసిడ్ క్లీనర్‌నూ బ్లీచింగ్‌నూ ఎన్నడూ కలపొద్దు, క్లోరిన్ వాయువు పుడుతుంది.

ప్రశ్న (విశాఖపట్నం): 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకైన తెల్లవారుజామున ఆ గాలి పీల్చాను. ఇప్పటికీ పెయింటు వాసన తగిలితే ఊపిరాడదు. ఇదేనా?

జవాబు: ఒక్కసారి ఎక్కువ మోతాదు పీల్చాక వచ్చే ఆయాసానికి వేరే పేరు, వేరే వైద్యం ఉన్నాయి. 1985లో అమెరికాలో గుర్తించిన ఈ స్థితిని ర్యాడ్స్ (రియాక్టివ్ ఎయిర్‌వేస్ డిస్‌ఫంక్షన్ సిండ్రోమ్) అంటారు. ముందు శ్వాసకోశ జబ్బు లేకపోవడం, పీల్చిన 24 గంటల్లోపు లక్షణాలు మొదలవడం, కనీసం మూడు నెలలు ఉండటం, మెథకోలిన్ పరీక్షలో సున్నితత్వం కనపడటం దీని గుర్తులు. ఆస్తమా లాగే ఇన్‌హేలర్లతో చూస్తారు. ఛాతీ డాక్టరుకు ఆ తేదీ, ఎంతసేపు పీల్చారు, ఎన్ని గంటలకు లక్షణం మొదలైంది, ఆసుపత్రి కాగితాలు అన్నీ చూపించండి. ఊపిరితిత్తుల పరీక్షలు మామూలుగా ఉండి, పెయింటు, సెంటు, ఫినాయిల్ ఒక్కటొక్కటిగా పడకుండా పోతుంటే అది మిల్లర్ చెప్పే రెండంచెల కథను పోలి ఉంటుంది: మొదట ఒక పెద్ద దెబ్బ, తర్వాత చిన్నవాటికి కూడా తట్టుకోలేకపోవడం. ఆ రాత్రి భయం కూడా ఆ వాసనతో ముడిపడి ఉండొచ్చు. దానికి మానసిక వైద్యుల సాయం తీసుకుంటే ఊపిరితిత్తుల వైద్యం అనవసరమైపోదు, రెండూ కలిసి నడవాలి.

ప్రశ్న (గచ్చిబౌలి): కొత్త ఫ్లాట్‌లో ఇంటీరియర్ చేయించాక కళ్లు మండుతున్నాయి. ప్యూరిఫైయర్ కొంటే చాలా?

జవాబు: చాలదు. హెపా ఫిల్టర్ ధూళిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఆవిరికి ఉత్తేజిత బొగ్గు కావాలి, అదీ కిలోల లెక్కన. ఇళ్లలో అమ్మేవాటిలో పలుచని బొగ్గు జాలీ ఉంటుంది, కొద్ది వారాల్లో నిండిపోతుంది. ఓజోన్ వదిలే యంత్రం అసలే వద్దు. ఓజోన్ నిమ్మవాసన రసాయనాలతో కలిసి ఫార్మల్డిహైడ్‌ను పుట్టిస్తుంది. కుండీ మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయన్న ప్రచారమూ నమ్మొద్దు. కిటికీ తెరిస్తే వచ్చేంత ఫలితానికి చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని లెక్క తేలింది.

కళ్లు మండించేది ఎక్కువగా ఫార్మల్డిహైడ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి పెట్టిన హద్దు అరగంట సగటున ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు, ఎంఆర్ గ్రేడ్ ప్లైవుడ్‌లో యూరియా-ఫార్మల్డిహైడ్ జిగురు ఉంటుంది. వేడికి, తేమకు అది కొద్దికొద్దిగా విడిపోయి వాయువు వదులుతుంది. ఐఎస్ 710 మెరైన్ ప్లైలో ఫినాలిక్ జిగురు, చాలా తక్కువ వదులుతుంది. లామినేట్ అతికించేటప్పుడు ఘాటైన రబ్బరు జిగురు కాకుండా, నీటిలో కలిసే తెల్ల జిగురు వాడమనండి. వడ్రంగులు మామూలుగా చేసే పొరపాటొకటి ఉంది. ముందు వైపు అందంగా మూసి, అలమారా వెనక పలక, అరల అడుగు భాగం, కోసిన అంచులు, స్క్రూ రంధ్రాలు పచ్చిగా వదిలేస్తారు. వాయువు ఎక్కువగా వచ్చేది అక్కడి నుంచే. ఆ అంచులకు ఎడ్జ్ బ్యాండ్, వెనక వైపు లామినేట్ వేయించండి.

మీది అయిపోయిన పని కాబట్టి, అలమారాల తలుపులన్నీ తెరిచి, ఎదురెదురు కిటికీలు తీసి, ఒక కిటికీలో ఫ్యాను బయటికి ఊదేలా పెట్టండి. మొదటి నెలల్లో బాగా తగ్గుతుంది, పూర్తిగా పోవడానికి సంవత్సరాలు పట్టొచ్చు. తలుపులు మూసి ఏసీ వేసుకుంటే మొదటికొస్తుంది. వాసన తెలియకుండా సాంబ్రాణి వేయడం ఇంకా తప్పు. ఆన్‌లైన్‌లో దొరికే చవక మీటర్లు శానిటైజర్ ఆల్కహాల్‌ను కూడా ఫార్మల్డిహైడ్‌గా చూపిస్తాయి, వాటిని నమ్మి బెంబేలెత్తొద్దు. పసిపిల్లలున్నా, ఎవరికైనా ఆస్తమా ఉన్నా పడకగదిలో కొత్త అలమారాలు లేకుండా చూడండి.

ప్రశ్న (న్యూజెర్సీ, మిసిసాగా): ఆఫీసులో హెచ్‌ఆర్‌ను ఏమని అడగాలి?

జవాబు: జబ్బు పేరు మీద వాదనకు దిగకండి. ‘సెంటు తగిలితే శ్వాస తీసుకోవడం కష్టమవుతోంది, ఇంతసేపు పని చేయలేకపోతున్నాను’ అని డాక్టరు చేత రాయించుకోండి. అమెరికాలో వికలాంగుల చట్టం ప్రకారం చూసేది జీవితంలో ముఖ్యమైన పనికి ఎంత ఆటంకం అనేది, ఒక్కొక్కరి విషయంలో విడివిడిగా. మిషిగన్‌లో డెట్రాయిట్ నగర ఉద్యోగి ఒకరు వేసిన కేసు 2010లో లక్ష డాలర్ల రాజీతో ముగిసింది. ఆ తర్వాత సెంట్లు మానుకోమని ఉద్యోగులకు సూచన వెళ్లింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రమే 2009లో తన భవనాల్లో సెంటు వస్తువులను నిషేధించింది.

అడిగేది చిన్నదిగా, కొలవదగినదిగా ఉండాలి. సీటు ప్రింటర్‌కు, టాయిలెట్‌కు దూరంగా, బయటి గాలి వచ్చేచోటికి మార్చడం. టాయిలెట్‌లో ఆటోమేటిక్ ఫ్రెషనర్ తీసేయడం. పెయింటు, కార్పెట్ పనుల తేదీలు ముందే చెప్పడం, ఆ వారం ఇంటి నుంచి పని. కార్పెట్ షాంపూ శుక్రవారం సాయంత్రం. ‘మొత్తం భవనంలో ఎవరూ ఏ సెంటూ వాడకూడదు’ అంటే అమెరికా కోర్టులు అసాధ్యమని కొట్టేసిన సందర్భాలున్నాయి. కొనేటప్పుడు ‘అన్‌సెంటెడ్’ అంటే వాసన తెలియకుండా వేరే సువాసన కలిపి ఉండొచ్చు, ‘ఫ్రాగ్రెన్స్-ఫ్రీ’ అని ఉన్నదే తీసుకోండి.

ప్రశ్న (గుంటూరు): ఏదైనా దేశం దీన్ని జబ్బుగా ఒప్పుకుందా?

జవాబు: జపాన్ 2009 అక్టోబరులో దీన్ని బీమా చికిత్స జాబితాలో చేర్చింది. జర్మనీ తన వ్యాధి కోడ్ల సూచికలో ఎలర్జీల కింద చోటిచ్చింది. ఇవి వైద్యం, బీమా లెక్కల కోసం ఇచ్చిన గుర్తింపులు, కారణంపై తీర్పులు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో దీనికంటూ విడిగా కోడ్ లేదు.

ప్రశ్న (కర్నూలు, డాలస్): ఒక క్లినిక్‌లో విటమిన్ సెలైన్లు, కీలేషన్ (ఒంట్లోని లోహాలను మందుతో తీసేయడం), వెంట్రుకల పరీక్ష, ఆహారానికి ఐజీజీ ప్యానెల్ (రక్తంలో ప్రతిరక్షకాల పరీక్ష) చేస్తామన్నారు. ప్యాకేజీ లక్షల్లో ఉంది.

జవాబు: వద్దు. ఐజీజీ ఆ ఆహారం తిన్నట్టు చెబుతుందే తప్ప పడదని చెప్పదు. లోహ విషం రుజువు కాకుండా కీలేషన్ చేస్తే శరీరంలో కాల్షియం పడిపోయి ప్రాణం మీదికొచ్చిన సందర్భాలున్నాయి. పడని పదార్థాన్నే కొద్దిగా సూదితో ఇచ్చి ‘తటస్థం’ చేస్తామనే పద్ధతిని 1990లో 18 మందిపై, ఏది ఇచ్చారో తెలియనివ్వకుండా పరీక్షించారు. అసలు మందుకు 27 శాతం సార్లు, ఉత్త ద్రవానికి 24 శాతం సార్లు లక్షణాలు వచ్చాయి. రెంటికీ తేడా లేనట్టే.

ప్రశ్న (మిసిసాగా నుంచే, రెండో ఉత్తరం): మా ఆవిడ ఇప్పుడు గుడికి, పెళ్లిళ్లకు, షాపులకు వెళ్లడం మానేసింది. ఎంతవరకు తప్పుకోవాలి?

జవాబు: అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇదే. 2003లో ప్రచురితమైన ఒక సర్వేలో 917 మంది బాధితులు 101 చికిత్సలకు మార్కులు వేశారు. రసాయనాలు లేని ఇల్లు, వాటికి దూరంగా ఉండటం, ప్రార్థన, ఈ మూడూ పైన నిలిచాయి. తప్పుకుంటే ఉపశమనం ఉంటుందన్నది నిజం. అయితే తప్పుకున్నకొద్దీ, తప్పుకోవాల్సినవాటి జాబితా కూడా పెరుగుతుంది, ఇల్లు ఒక గదికి కుంచించుకుపోతుంది. ఇంకో పక్క, సాయం దొరక్క ఒంటరిగా మిగిలిపోవడం ఎంత దూరం తీసుకెళ్తుందో మీ రాష్ట్రం ఒంటారియోలోనే జరిగింది. పొగ, రసాయనాల వాసన లేని ఇల్లు దొరక్క 51 ఏళ్ల ఎంసీఎస్ బాధితురాలు 2022 ఫిబ్రవరిలో, చట్టం అనుమతించిన వైద్య సహాయ మరణాన్ని ఎంచుకున్నారు. ఆమెకు కావాల్సింది మందు కంటే ముందు ఒక ఇల్లు.

అందుకే ఇలా చేయండి. ఇంట్లో పడకగది ఒక్కటి పూర్తిగా సెంటు లేని చోటు చేయండి: సర్ఫు, సబ్బు, షాంపూ, తలనూనె మీరూ పిల్లలూ కూడా వాసన లేనివి వాడాలి, సెంటు పట్టిన పాత దుప్పట్లు అక్కడ వద్దు. కొత్తవాటిని తప్పించే ముందు డైరీ రాయించండి: ఏది తగిలింది, ఎంతసేపు, ఎన్ని నిమిషాలకు లక్షణం, పదికి ఎంత, ఎంతసేపటికి తగ్గింది, ముందు రాత్రి నిద్ర, భోజనం, నెలసరి. మిల్లర్ తయారుచేసిన క్వీసీ అనే ప్రశ్నావళి కూడా నింపించి, నెలనెలా పోల్చండి. అందులో రసాయనాల భాగం, లక్షణాల భాగం వందకు చెరో 40 దాటితే ఎక్కువ తీవ్రత. అది రోగ నిర్ధారణ కాదు, మార్పు చూసుకునే కొలత.

డైరీలో అన్నిటికంటే తక్కువ మార్కు వచ్చిన వస్తువును ఎంచుకుని, బాగున్న రోజున, కిటికీ తెరిచిన గదిలో, దూరం నుంచి ఒకటి రెండు నిమిషాలు, ఆమె ఇష్టంతోనే మొదలుపెట్టండి. ఆస్తమా, ర్యాడ్స్, ఎలర్జీ లేవని పైన చెప్పిన పరీక్షలతో తేలాకే ఇది. బలవంతం చేసినా, ‘చూశావా ఏమీ కాలేదు’ అని నిరూపించబోయినా వెనక్కి పోతుంది. మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణను డెన్మార్క్‌లో పరీక్షిస్తే ప్రధాన ఫలితంలో లాభం కనపడలేదు, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. బొగ్గు మాస్కు వేసుకుంటే బయటికి వెళ్లే ధైర్యం వస్తుందంటే వేసుకోనివ్వండి, కానీ స్వీడన్ పరీక్షలో అది లక్షణాలను ఆపలేదు. పెళ్లికి వెళ్తే హాల్లో తలుపు పక్క కుర్చీ, కారు దగ్గర్లో, అరగంటకే తిరుగు ప్రయాణమని ముందే అనుకోండి. పిలిచినవాళ్లకు ముందురోజే ఫోన్ చేసి, ఆమె కూర్చునే వైపు పన్నీరు చల్లొద్దని, అగరబత్తి పెట్టొద్దని చెప్పండి. కారణం వివరించాల్సిన పని లేదు, పడదని చెబితే మనవాళ్లు అర్థం చేసుకుంటారు.